దానం చేసే చేయి కనబడాలా? యూదుల ధర్మశాస్త్రంలో ఎనిమిది మెట్లు

భగవద్గీత పదిహేడో అధ్యాయంలో మూడు రకాల దానాల గురించి చెప్పుకున్నాం కదా. ఇవ్వడం నా ధర్మం అనుకుని, తిరిగి ఏమీ ఆశించకుండా ఇచ్చేది సాత్త్వికం. ఫలం కోసమో, లోపల ఏడుస్తూనో ఇచ్చేది రాజసం. తీసుకునేవాణ్ణి చులకన చేస్తూ ఇచ్చేది తామసం. ఆ పాఠం తయారు చేస్తున్నప్పుడు నాకు యూదుల ధర్మశాస్త్రం గుర్తొచ్చింది. అందులో ఇదే విషయాన్ని తీసుకునేవాడి వైపు నుంచి కూడా చూశారు.

దానాన్ని హీబ్రూలో ‘త్సెదకా’ అంటారు. న్యాయం అని అర్థమున్న ‘త్సెదెక్’ అనే మాటకి ఇది చుట్టం. అంటే పేదవాడికి ఇవ్వడం మన గొప్పతనం కాదు, అతనికి న్యాయంగా అందాల్సింది అందించడం. అందుకే దీనికి లెక్క కూడా ఉంది. సంపాదనలో పదో వంతు ఇవ్వాలి. ఇచ్చి ఇచ్చి తానే చేయి చాచే పరిస్థితి రాకూడదు కాబట్టి మామూలుగా ఐదో వంతు దాటొద్దన్నారు. ఇంకో విశేషం చూడండి. దానం మీద బతికేవాడు కూడా తనకు వచ్చినదాంట్లోంచి కొంచెం ఇంకొకరికి ఇవ్వాలి. ఇచ్చేవాడిగా నిలబడే హక్కు అతనికీ ఉందన్నమాట!

12వ శతాబ్దంలో మైమోనిడిస్ అనే పండితుడు ఉండేవాడు. స్పెయిన్‌లోని కార్డోబాలో పుట్టి, ఈజిప్టులో స్థిరపడ్డాడు. వ్యాపారం చేసే తమ్ముడు డేవిడ్ హిందూ మహాసముద్రంలో మునిగి చనిపోయాడు. అతనితో పాటు ఇంటి డబ్బూ పోయింది. తర్వాత ఆయన వైద్యం చేసి కుటుంబాన్ని పోషించాడు. లేమి ఎలా ఉంటుందో తెలిసిన మనిషి. ఆయన తన ‘మిష్నే తోరా’ అనే గ్రంథంలో దానాన్ని ఎనిమిది మెట్లుగా పేర్చాడు. కింది నుంచి పైకి చూద్దాం.

1. మొహం ముడుచుకుని ఇవ్వడం.
2. ఇవ్వాల్సిన దానికన్నా తక్కువైనా నవ్వుతూ ఇవ్వడం.
3. అడిగాక ఇవ్వడం.
4. అడగకముందే ఇవ్వడం.
5. ఎవరిచ్చారో తీసుకునేవాడికి తెలుసు, ఎవరు తీసుకున్నారో ఇచ్చేవాడికి తెలియదు. పూర్వం కొందరు డబ్బు గుడ్డలో మూటకట్టి వీపు వెనక వేసుకుని నడిచేవారట, పేదలు సిగ్గుపడకుండా తీసుకోవాలని.
6. ఎవరికి ఇస్తున్నాడో ఇచ్చేవాడికి తెలుసు, ఎవరిచ్చారో తీసుకునేవాడికి తెలియదు.
7. ఇద్దరికీ ఒకరెవరో ఇంకొకరికి తెలియదు.
8. అన్నిటికన్నా పైమెట్టు: అప్పో, వ్యాపారంలో భాగమో, ఒక పనో ఇచ్చి, మళ్లీ ఎవరినీ అడిగే అవసరం లేకుండా నిలబెట్టడం.

గమనించారా? ఎంత ఇచ్చామన్నది రెండో మెట్టు దగ్గరే ఆగిపోయింది. అక్కడి నుంచి పైకి వెళ్లే కొద్దీ అవతలి మనిషి తల వంచుకునే అవసరం తగ్గుతూ వస్తుంది. ఎనిమిదో మెట్టు గ్రంథంలోనే ఉండిపోలేదు. న్యూయార్క్‌లో 1892లో మొదలైన హీబ్రూ ఫ్రీ లోన్ సొసైటీ ఈనాటికీ వడ్డీ లేని అప్పులు ఇస్తోంది.

ఇప్పుడు మన సంగతికి వద్దాం. పుట్టినరోజున అన్నం పొట్లాలు పంచుతాం, మంచిదే. పక్కనే ఫ్రెండ్ వీడియో తీస్తుంటాడు. పొట్లం అందుకునే ఆ పెద్దాయన మొహం రీల్‌లో ఉంటుంది. ఆయన మనవరాలు ఆ రీల్ చూస్తే? మనం ఇచ్చింది ఒక పూట తిండి, తీసుకున్నది ఆయన పరువు. ‘నలుగురు చూస్తే ఇంకో నలుగురు చేస్తారు కదండీ’ అని మీరు అనొచ్చు. నిజమే. అలాంటప్పుడు వంట చూపించండి, పొట్లాలు చూపించండి. తీసుకునేవాళ్ల మొహాలు మాత్రం వద్దు.

ఈ వారం ఒక చిన్న సాధన చేద్దాం. మీరిప్పుడు ఏ మెట్టు మీద ఉన్నారో చూసుకుని, ఒక్క మెట్టు పైకి ఎక్కండి. వాచ్‌మన్ గారి అబ్బాయి రెజ్యుమె సరిచేసి ఉద్యోగానికి పంపినా అది ఎనిమిదో మెట్టు వైపు నడకే. ఏ మెట్టు ఎక్కారో కామెంట్‌లో రాయండి. ఎవరికి చేశారో మాత్రం రాయొద్దు.

శుభం భూయాత్.