పొదుగు గట్టిపడిందా అక్కా?

పాడి ఉన్న ఇంట్లో ఆవుకు ఒంట్లో బాగాలేదని ముందు కనిపెట్టేది మనమే కదా అక్కా. చన్ను పట్టుకోగానే కాలు విసురుతుంది. పొదుగు ఒక పక్క వేడిగా, గట్టిగా తగులుతుంది. మొదటి ధారల్లో పెరుగు తునకల్లాంటివి పడతాయి. అదే పొదుగువాపు. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తిప్పుకుంటే తిప్పుకోండి, పశువుల డాక్టరుకు మాత్రం ఆ పూటే కబురు పెట్టండి.

ఇది సూక్ష్మక్రిముల వల్ల వచ్చే జబ్బు. స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే క్రిమి పాలు పిండే చేతుల వెంట, పొదుగు తుడిచే గుడ్డ వెంట ఒక ఆవు నుంచి ఇంకో ఆవుకు పాకుతుంది. పొదుగు కండలోకి చొరబడి మందుకు అందకుండా దాక్కుంటుంది. దీనిలో కొన్ని రకాలు పెన్సిలిన్‌నే విరగ్గొట్టేస్తాయి. ఇ.కోలై అనే ఇంకో క్రిమి పేడలోంచి, తడి నేలలోంచి ఎక్కుతుంది. ఏ క్రిమికి ఏ మందు పనిచేస్తుందో పాలు పరీక్ష చేస్తేనే తెలిసేది.

మరి మనవాళ్లు చేసేదేమిటి? పోయినసారి మిగిలిన ట్యూబు గూట్లో ఉంటే అది ఎక్కిస్తారు. లేదంటే మందుల షాపులో అడిగి ఒక సూది తెచ్చి పొడిచేస్తారు. వాపు కాస్త తగ్గగానే ఆపేస్తారు. చాలీచాలని మందుకు చావని క్రిములే మిగిలి పెరుగుతాయి. పెన్సిలిన్ కనిపెట్టిన ఫ్లెమింగ్ 1945లో నోబెల్ అందుకుంటూ ఈ మాటే హెచ్చరించాడు. ఆవుకు వాడే మందుల్లో చాలావరకు మన పిల్లల జ్వరాలకు వాడే కుటుంబాలవే తల్లీ! అందుకే కొలిస్టిన్ అనే మందును పశువులకు, కోళ్లకు వాడకూడదని మన దేశంలో 2019లో నిషేధించారు.

మందు వాడిన ఆవు పాలు కాచినా మందు అంశ పూర్తిగా పోదు. ఆ పాలకు తోడు వేస్తే ఒక్కోసారి పెరుగు సరిగ్గా తోడుకోదు, తోడులోని మంచి క్రిములను కూడా మందు చంపేస్తుంది మరి. డాక్టరు చెప్పిన గడువు దాటేదాకా ఆ పాలు కేంద్రానికి పోయకండి, ఇంట్లో తాగకండి, దూడకూ పట్టకండి. పారబోస్తుంటే కడుపు తరుక్కుపోతుంది, నిజమే. పాల డబ్బులతో ఇల్లు గడుపుకునే వాళ్లకు ఆ నష్టం చిన్నది కాదు. కాబట్టే జబ్బు రాకుండా చూసుకోవడం మీదే నాకింత పట్టుదల.

పొదుగు కడిగి పొడిగుడ్డతో తుడవండి, ఆవుకో గుడ్డ ఉండాలి. మొదటి ధారలు నేల మీద కాకుండా నల్లగుడ్డ కట్టిన గిన్నెలోకి పిండి చూడండి, తునకలుంటే ఇట్టే కనిపిస్తాయి. జబ్బు ఆవును అన్నిటికన్నా చివర పిండండి. పిండాక చన్నులను అయోడిన్ ద్రావణంలో ముంచండి. చన్ను రంధ్రం మూసుకోవడానికి అరగంట దాకా పడుతుంది, అంతసేపూ ఆవు పడుకోకుండా గాటిలో పచ్చిమేత వేయండి. పైకి వాపు లేకున్నా లోపల జబ్బుండి పాలు తగ్గిపోవచ్చు. దాన్ని కాలిఫోర్నియా మాస్టైటిస్ టెస్టుతో కొట్టంలోనే నిమిషాల్లో పట్టుకోవచ్చు.

ఈసారి డాక్టరు వస్తే ఆ పరీక్ష చేయమని అడగండి. సూది వేసేముందు పాలు ల్యాబుకు పంపడం కుదురుతుందేమో కూడా అడగండి. అడగడానికి మొహమాటపడకండి అక్కా.