గోడ చెమ్మకు డబ్బా కొనేముందు

వానలు వెనకబట్టినా గోడ అడుగున రెండు మూడడుగుల ఎత్తున తడి మరక పోవడం లేదా? తెల్లగా ఉప్పు తేలి పెచ్చులు ఊడుతున్నాయా? అలాంటి గోడకు ఆనించి విత్తన వేరుశనగ బస్తాలు వేస్తే బూజు ఖాయం. మొలక దెబ్బతినడం ఒక్కటే కాదు, ఆ బూజు వల్ల వచ్చే అఫ్లటాక్సిన్ విషం కడిగినా వేయించినా పూర్తిగా పోదు.

మనలో చాలామంది చేసేదేమిటంటే, కొట్టుకెళ్లి ‘చెమ్మ మందు ఇవ్వండి’ అని అడగడం. కొట్టువాడు చేతికందిన డబ్బా ఇస్తాడు. తడి ఎక్కడిదో తెలియకుండా కొంటే డబ్బు దండగే.

అడుగు చదరం ప్లాస్టిక్ కాగితాన్ని గోడకు పెట్టి, నాలుగు అంచులా టేపు గట్టిగా అంటించండి. రెండు రోజులాగి చూడండి. కాగితం లోపలివైపు, అంటే గోడవైపు, నీటి బొట్లు ఉంటే తడి గోడలోనే ఉంది. గదివైపు ఉంటే అది గదిలోని ఆవిరే. కిటికీలు తెరిచి గాలి ఆడనివ్వండి, మందుతో పనిలేదు.

మరక పైనుంచి దిగుతుంటే స్లాబు, పిట్టగోడ, గొట్టాలు చూడాలి. పిట్టగోడ మూలల్లో పగుళ్లు పూడ్చి, స్లాబుపైన వాటర్‌ప్రూఫ్ పూత వేయించాలి. లోపల రంగు మార్చి లాభం లేదు.

కిందినుంచి ఎక్కే చెమ్మే మొండిది. పునాదిపైన డీపీసీ పట్టీ లేని పాత ఇళ్లలో ఇది ఎక్కువ. పట్టీ ఉన్నా, ఊళ్లో సిమెంటు రోడ్డు పోసినప్పుడల్లా వీధి ఎత్తు పెరిగి, గోడ పక్క మట్టి పట్టీని దాటిపోతుంది. ఇక ఏ మందు పూసినా ఆగదు. ముందు ఆ మట్టి తీయించి, నీరు ఇంటికి ఎదురు దిక్కుకు పారేలా వాలు పెట్టించండి.

ఆ తర్వాతే మందు. మరకకు ఒక అడుగు పైదాకా పాత ప్లాస్టరింగ్ కొట్టించి, వేసవంతా గోడ ఎండనివ్వాలి. తిరిగి పూసే సిమెంటులో వాటర్‌ప్రూఫ్ కాంపౌండు కలపాలి. డబ్బాపైన ఐఎస్ 2645 గుర్తు, తయారీ తేదీ చూసుకోండి. బస్తా సిమెంటుకు ఎంత కలపాలో దానిమీదే రాసి ఉంటుంది, మేస్త్రీ ఉజ్జాయింపుకి వదలొద్దు. పొడి, పాలలాంటి ద్రవం కలిపి రెండు చేతులు వేసే పాలిమర్ పూతలూ ఉన్నాయి. వీటి ధర కిలోకి కాదు, ఎన్ని చదరపు అడుగులకు వస్తుందో చూసి పోల్చుకోండి. ఎంత మంచిదైనా లోపలివైపు పూత ఒక్కటే వేస్తే తడి ఇంకొంచెం పైకెక్కి అక్కడ తేలుతుంది. గోడ అడుగున వరసగా రంధ్రాలు వేసి మందు ఎక్కించే పద్ధతి దీనికి మేలు. ఖర్చెక్కువ, చేయి తిరిగిన పనివాడు కావాలి.

మట్టిగోడలకు మాత్రం సిమెంటు, ప్లాస్టిక్ రంగులు వద్దు. తడి లోపలే నిలిచి గోడ మెత్తబడుతుంది. సున్నమే మంచిది.

ఇదంతా అయ్యేవరకు బస్తాలను చెక్కల మీద, గోడకు రెండడుగులు ఎడంగా పేర్చుకోండి.