టైం చూసే పని ఎవరికీ ఇవ్వకు

ఖమ్మం

బుజ్జమ్మా,

నీ ఉత్తరం అందింది. జ్వరం తగ్గిందని ఒక్క ముక్క రాసి, మిగతా అంతా నువ్వు పాఠాలు చెప్పే ఏడో తరగతి గురించే రాశావు. దోమతెర కట్టుకుంటున్నదీ లేనిదీ రాయలేదు. చర్ల అడవిలో దోమల సంగతి నీకు నేను చెప్పాలా?

పాఠం చదివి మాట్లాడుకోవడానికి పిల్లల్ని అయిదుగురేసి జట్లు చేసి, తలా ఒక పని పంచావు. పైకి చదివేవాళ్ళు, ప్రశ్నలడిగేవాళ్ళు, అర్థంకాని మాటలు ఏరేవాళ్ళు, చివర్న సారాంశం చెప్పేవాళ్ళు. ఇంతవరకు నాకు సంతోషమే. అయిదోది చదివాక అన్నం సహించలేదు. వలస గుంపు నుంచి వచ్చిన పిల్ల నోరు విప్పదని టైం చూసే పని ఇచ్చావట. పైగా హాయిగా కూర్చుంటోందని రాశావు.

అది హాయి కాదు తల్లీ. సల్వాజుడుం గొడవలు మొదలైన 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో ఊళ్ళు విడిచి అడవి దాటి వచ్చినవాళ్ళ బిడ్డ. ఇంట్లో వాళ్ళ గొత్తికోయ, హాస్టల్లో ఇక్కడి పిల్లల కోయ, తరగతిలో నీ తెలుగు. ఊరుకోవడం ఆ పిల్లకు ఎప్పుడో అలవాటైపోయి ఉంటుంది. ఆ ఊరుకోవడానికే నువ్వొక పేరు పెట్టి చేతికిచ్చావు. టైం చూడటానికి బడిలో గంట ఉంది, నీ చేతికి వాచీ ఉంది. ఆ పని జాబితాలోంచి కొట్టెయ్యి. ఈ వారమే కొట్టెయ్యి.

ఆ పిల్లకు ప్రశ్నలడిగే పని ఇవ్వు. నువ్వు దాన్ని మంచి మార్కులొచ్చే పిల్లలకిచ్చావు. వాళ్ళకు జవాబులు ముందే వచ్చు, ఇక అడగడానికేముంటుంది? ప్రశ్న అడగడానికి తెలియకపోవడమే అర్హత. కోయలోనే అడగనీ. రెండు భాషలూ వచ్చిన పిల్లను పక్కన కూర్చోబెట్టు, తెలుగులో చెబుతుంది.

1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు వచ్చిన ఏడు నేను దుమ్ముగూడెం వైపు ఒక బడిలో ఉన్నాను. గదుల్లో ఒండ్రు ఎత్తిపోశాక, వరదలో మేడెక్కి బతికిన ఒక కుటుంబం కథ పిల్లలతో చదివించాను. ఎప్పుడూ మాట్లాడని ఒక కోయ పిల్లాడు పక్కవాడి చెవిలో ఏదో అన్నాడు. ఆ పక్కవాడు లేచి, “కోళ్ళను ఎందుకు వదిలేశారని అడుగుతున్నాడు టీచర్” అన్నాడు. ఇక తరగతి ఆగలేదు. మేకల్ని ఏ గుట్టకు తోలారో ఒకడు, విత్తనాల కుండ ఎక్కడ దాచారో ఒకతి. ఆ రోజు సారాంశం చెప్పమని ఎవరినీ అడగలేదు. పాఠం మాత్రం అందరికీ వచ్చింది. ఆ పిల్లాడి గొంతు బొంగురుగా ఉండేది, ఇప్పటికీ నాకు గుర్తే.

నువ్వు పంపిన కాగితాల్లో హార్వీ డేనియల్స్ పేరు చూశాను. 1994లో ఈ చదువు జట్ల మీద పుస్తకం రాసిన ఆయనే, 2002లో దాన్ని తిరగరాసినప్పుడు ఎవరి పని ఏమిటో రాసిచ్చే పాత్రల కాగితాలు మొక్కుబడి తంతుగా మారుతున్నాయని హెచ్చరించాడు. మాట్లాడటం అలవాటయ్యేదాకా ఊతంగా ఉంచి, తర్వాత తీసెయ్యాలట. కాబట్టి ఏడాదంతా ఒకరికి ఒకే పని అంటగట్టకు. రెండు పాఠాలకోసారి మార్చు. సారాంశం అన్నిటికన్నా కష్టం, దాన్ని ఇద్దరికి కలిపి ఇవ్వు.

మార్చిలో ఇప్పపువ్వు రాలుతుంటే ఇళ్ళ నుంచి వచ్చే పిల్లలు తెల్లవారకముందే అడవికి పోతారు. ఏ జట్టులో ఎవరుంటారో ఆ పూటే తెలుస్తుంది. కోప్పడకు, వాళ్ళింట్లో ఆ పువ్వు డబ్బు కావాలి. ప్రతి పనీ ఇద్దరికి వచ్చి ఉంటే ఒకరు రాకపోయినా జట్టు నడుస్తుంది. అప్పుడు కూడా, మిగిలిపోయిన పిల్లకు టైం చూడమని మాత్రం చెప్పకు.

నువ్వు మంచి టీచరువి. రాత్రి పొద్దుపోయేదాకా ఆ పనుల కాగితాలు చేత్తో రాస్తున్నావని మీ అమ్మ చెబితే కళ్ళు చెమర్చాయి. కానీ పదింటికి దీపం ఆర్పి పడుకో.

దోమతెర ఒకటి, గోంగూర పచ్చడి ఒక సీసా భద్రాచలం బస్సులో పార్సిల్ వేయిస్తున్నాను. ఆ పిల్ల అడిగిన మొదటి ప్రశ్న ఏమిటో, ఎలా అడిగిందో అలాగే నాకు రాయి.

నీ పెద్దమ్మ