పోరుమామిళ్ళ శాసనం, మన ఇంకుడు గుంత

హైడ్రాలజీ క్లాసులో క్యాచ్‌మెంట్, స్టోరేజ్, కమాండ్ ఏరియా అంటూ నోట్స్ రాసుకుంటాం కదా. ఆ ఆలోచనలే 1369లో మన కడప సీమలో రాతి మీదకెక్కాయి. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు పోరుమామిళ్ళ చెరువు కట్టించి, సంస్కృతంలో శాసనం వేయించాడు. రోజుకి వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ళ పని అని అందులో ఉంది. నాకు అంతకన్నా నచ్చిన భాగం వేరే ఉంది. మంచి చెరువుకి పన్నెండు అంగాలుండాలట, ఆరు దోషాలు ఉండకూడదట.

జలశాస్త్రం తెలిసినవాడు, గట్టి నేల, కొండల నడుమ మరీ పొడవు లేని రాతి కట్ట, దగ్గర్లో రాతి గని, పని తెలిసిన మనుషులు... ఇవన్నీ అంగాలు. కట్టలోంచి నీరు ఊరడం, చవుడు నేల, చెరువు మధ్యలో మిట్ట, ఇవి దోషాలు. రెండు రాజ్యాల సరిహద్దున ఉండటం కూడా దోషమే! కృష్ణా నీళ్ళ తగాదా వార్తలు చదివేవాళ్ళకి దీన్ని విడమర్చి చెప్పక్కర్లేదు.

మిగిలిన రెండూ అసలైనవి. నీళ్ళు తక్కువై నేల ఎక్కువైనా దోషమే, నీళ్ళు ఎక్కువై నేల తక్కువైనా దోషమే. కరువు సీమలో నీళ్ళెక్కువవడం ఏమిటి అనిపిస్తుంది. అక్కడ వాన రోజుకింత అని పంచుకుని పడదు. నెలల తరబడి ఎండబెట్టి, ఒక్క రాత్రిలో వంకలు పొంగిస్తుంది. అందుకే చెరువుకి తూము ఎంత ముఖ్యమో మరవ అంత ముఖ్యం. మరవ పారిన నీళ్ళు కింది చెరువుకి పోతాయి. గొలుసుకట్టు చెరువులంటే అవే.

ఇప్పుడు మన ఇంటికొద్దాం. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల డాబా, 20 మి.మీ. వాన, రన్ఆఫ్ కోఎఫిషియెంట్ 0.8 అనుకుంటే 3,200 లీటర్లు. 2 మీటర్ల పొడవు, వెడల్పు, లోతు ఉన్న గుంత కొలతకి 8,000 లీటర్లది. కానీ కంకర నింపాక ఖాళీ 40 శాతమే మిగిలిందనుకోండి, పట్టేది సరిగ్గా 3,200. ఒక మోస్తరు వానకి నిండిపోయింది!

అదే 60 మి.మీ. కుంభవృష్టి పడితే వచ్చేది 9,600 లీటర్లు. వాన పడుతుండగానే ఇంకేది కొంత తీసేసినా మిగిలింది ఎటు పోవాలి? మా వీధిలో ఒకరింట్లో గుంతని గోడ పక్కనే తవ్వారు, బయటికి దారి పెట్టలేదు. నీళ్ళు పునాది వైపు దిగి, గోడ కింది భాగమంతా చెమ్మెక్కింది. ఇప్పుడాయన ఇంకుడు గుంతలే దండగ అంటున్నాడు. నా లెక్కలో తప్పు గుంతది కాదు, లేని మరవది. ఇంటి పునాదికి దూరంగా గుంత, దాని పైఅంచు కింద ఒక పైపు, ఆ పైపు మొక్కల పాదులోకో రెండో గుంతలోకో, అంతే ఖర్చు. ముందు పడే మురికి వానని బయటికి వదిలేస్తే కంకర సందులు త్వరగా పూడవు.

దసరా సెలవులకి ఇంటికెళ్తున్నారుగా. మీ గుంతకి మరవ ఎటుందో చూసి, ఫొటో తీసి క్లబ్ గ్రూపులో పెట్టండి.