పోయిన తోటను పీకెయ్యకముందు రెండు రోజులు ఆగండి

పై వీడియోలో మీరు చూసింది పచ్చటి తోట కాదు, నీళ్ళు దిగిపోయాక మిగిలిన తోట. కాయలు నిండిన గంపలు చూపించే వీడియోలు నావీ చాలా ఉన్నాయి, వేరేవాళ్ళవీ బోలెడు ఉన్నాయి. పంట పోయిన నెలలో అవి చూస్తే మనిషికి ఇంకా దిగులే. అందుకే ఈసారి ఇది పెట్టాను.

ఈ మధ్య ఒక అన్న ఫోన్ చేశాడు. ప్రకృతి వ్యవసాయంలో మూడో ఏడు, అరెకరం కూరగాయలు, అదీ కౌలుకి. "మొదటి ఏడు ఖర్చులకి సరిపోయింది తమ్ముడూ, రెండో ఏడు నాలుగు డబ్బులు మిగిలాయి, ఈ ఏడు మొత్తం పోయింది. ఊళ్ళో నవ్వుతున్నారు. సంక్రాంతి దాటాక మళ్ళీ యూరియా బస్తా తెచ్చుకోవడమా, కౌలు వదిలేసి హైదరాబాద్ బస్సెక్కడమా, ఏదో ఒకటి తేల్చుకుంటా" అన్నాడు. ధైర్యంగా ఉండు అని నేను చెప్పలేదు. ఆ మాట ఆయనకి అప్పటికే పదిమంది చెప్పి ఉంటారు. నేను ఒకటే అడిగాను, తోట పీకేశావా, ఇంకా ఉందా అని. ఉంది, రేపు గొర్రెలు తోలిస్తా అన్నాడు. రెండు రోజులు ఆగమన్నాను. ఆ రెండు రోజుల్లో ఏం చూడాలో ఇక్కడ రాస్తున్నాను.

పంట పోగానే మన చెయ్యి ముందు పీకెయ్యడానికే పోతుంది. ఎండిన మొక్కని రోజూ చూడలేం, దారిన పోయేవాళ్ళు చూస్తారని సిగ్గు. పీకి కుప్పేసి తగలబెడితే మనసు తేలికవుతుంది, నిజమే. కానీ ఆ మంటలో ఏ మొక్క ఎందుకు పోయిందో, ఏది ఎందుకు నిలబడిందో ఆ లెక్క కూడా కాలిపోతుంది. అది తెలియకపోతే వచ్చే సీజన్ మీద నమ్మకం పెట్టుకోవడానికి మన దగ్గర ఆధారం ఏదీ ఉండదు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. కోతకొచ్చిన వరి పడిపోయింది, కూరగాయ తోటలు మునిగాయి. మాది నల్లరేగడి. పల్లంవైపు నీళ్ళు మూడు రోజులు కదల్లేదు. టమాటా, వంగ, బీర, సొర, చిక్కుడు కలిపి 50 సెంట్ల తోట. నీళ్ళు తీసిన మర్నాడు ఎండ కాసింది. మధ్యాహ్నానికల్లా టమాటా మొత్తం తలలు వేలాడేసింది. చుట్టూ తడి ఉండగా మొక్క ఎందుకు వడలిందని చాలామందికి అనుమానం. నీళ్ళు నిలిచిన నేలలో వేరుకి గాలి అందదు. గాలి అందని వేరు నీళ్ళు తాగలేదు. పైన ఎండ లాగుతుంటే కింద నుంచి సరఫరా ఉండదు. తడిలో నిలబడే మొక్క దాహంతో పోతుంది.

మొదట చూడాల్సింది వేరు. వడలిన మొక్కల్లో నాలుగైదింటిని, ఒకే చోట కాకుండా తలా ఒక చోట నుంచి, మట్టితో సహా తవ్వి నీళ్ళలో కడగండి. చివర్లు తెల్లగా ఉంటే ప్రాణం ఉంది, మొక్క తిరుక్కునే అవకాశం ఉంది. గోధుమ రంగుకి తిరిగి, రెండు వేళ్ళతో పట్టి లాగితే పైతోలు తొడుగులా ఊడి లోపల దారంలాంటిది మిగిలితే ఆ వేరు కుళ్ళిపోయింది.

వేరు బాగానే కనిపిస్తున్నా మొక్క వడలితే కాండం చూడాలి. నేలకి దగ్గరగా కోసి, కోసిన ముక్కని గాజుగ్లాసులో నీళ్ళలో నిలువుగా వేలాడదీయండి. కాసేపటికి కోసిన చోటు నుంచి పాలలాంటి సన్నటి ధార కిందికి దిగితే అది బ్యాక్టీరియా ఎండు తెగులు. వీడియోలో ఇది దగ్గర నుంచి చూపించాను, వెనక నల్లటి గుడ్డ పెట్టుకుంటే బాగా కనబడుతుంది. తేడా తెలియడం ఎందుకంటే, ఉత్తి ముంపుతో పోయిన చోట నేల ఆరాక మళ్ళీ టమాటా పెట్టుకోవచ్చు. ఈ తెగులు కనబడిన చోట టమాటా, వంగ, మిరప జాతి జోలికి కొన్నాళ్ళు పోకూడదు. అక్కడ జొన్నో మొక్కజొన్నో వేసుకోవాలి. ఆ మొక్కల్ని మాత్రం వేర్లతో పీకి తోట బయటికి తీసెయ్యాలి. రెండు రోజులు ఆగమన్న మాట వాటికి వర్తించదు.

ఇక నిలబడినవి. మా తోటలో మెరకన బోదెల మీద ఉన్న వంగ ఆకు రాల్చినా చిగురు మానలేదు. పందిరి మీది బీర తిరుక్కుంది. ఇది మా పొలం గొప్ప కాదు. తైవాన్‌లో ఉన్న ప్రపంచ కూరగాయల కేంద్రం వాళ్ళు వానాకాలం టమాటాని వంగ వేరు మీద, కాకరని బీర వేరు మీద అంటు కట్టమని చెబుతారు. ముంపుని ఆ వేర్లు ఎక్కువ తట్టుకుంటాయని. అంటే పల్లంవైపు ఏది పెట్టాలో, మెరకవైపు ఏది పెట్టాలో పోయిన తోటే చెప్పింది.

టమాటాలో చూస్తే అక్కడక్కడా కొన్ని మొక్కలు బతికాయి. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా చూడండి. మెరకన ఉండి బతికిన మొక్క గట్టి మొక్క అని అనుకోవద్దు, దాని చోటు మంచిది, అంతే. చుట్టూ అన్నీ పోయి, అదే పల్లంలో, అదే నీళ్ళలో నిలబడిన మొక్క ఉంటుంది చూడండి, దానికి ఎర్ర గుడ్డ కట్టండి. మాకు అలాంటివి 7 దొరికాయి. హైబ్రిడ్ అయితే దాని గింజ నుంచి అదే మొక్క రాదు కాబట్టి ఈ శ్రమ వృథా. నాటు రకం అయితే మాత్రం వదలొద్దు. టమాటా ఎక్కువగా తన పుప్పొడితోనే కాయ కడుతుంది, అందుకని గింజ చాలావరకు తల్లిలాగే వస్తుంది. ఆ గింజ వచ్చే ఏడు ముంపుకి కచ్చితంగా నిలుస్తుందని నేను అనను. ఒక్క ఏడుతో తేలే విషయం కాదది. కానీ ఎరువుల కొట్లో కొన్న ప్యాకెట్ కంటే మన పొలం గురించి దానికి కాస్త ఎక్కువే తెలుసు.

ఇవన్నీ చూశాక నోటుపుస్తకంలో ఒక లెక్క రాయండి. పోయినదాంట్లో వానకి పోయింది ఎంత, నేల వల్ల పోయింది ఎంత, ధర వల్ల పోయింది ఎంత. ఈ మూడూ కలిపేసి "పంట పోయింది" అంటే బుర్రకి ఏ దారీ తోచదు. 2023లోనే చూడండి, జులైలో మదనపల్లె మార్కెట్లో టమాటా కిలో 100 రూపాయలు దాటింది, సెప్టెంబరుకల్లా రైతులు రోడ్డు మీద పారబోశారు. ఆ సెప్టెంబరు రైతు తోట బాగానే కాసింది, పోయింది ధర. అతను మార్చుకోవాల్సింది నాటే తేదీ, అమ్మే చోటు. వానకి పోయినదాన్ని మనం ఆపలేం. నేల వల్ల పోయినదాన్ని మాత్రం మురుగు కాలువతో, ఎత్తు బోదెలతో చాలావరకు తగ్గించుకోవచ్చు.

"ప్రకృతి వ్యవసాయం వల్లే పోయింది" అనే మాట మీకూ వినబడి ఉంటుంది. మా పక్క చేను బాబాయ్ కూడా అన్నాడు. ఆయన మందులేసిన తోట కూడా అదే నీళ్ళలో ఉంది. నేను వాదించలేదు. జీవామృతం తుపానుని ఆపదు. ఆపుతుందని చెప్పి ఎవరినీ ఇందులోకి దించకూడదు కూడా. తేడా ఎక్కడంటే, పోయిన తోట మీద పెట్టిన ఖర్చులో. పేడ, మూత్రం, బెల్లం, పప్పు పిండి పోతే మళ్ళీ కలుపుకుంటాం, మందుల కొట్లో ఖాతా మిగిలితే దానికి వడ్డీ నడుస్తుంది. కౌలు మాత్రం ఇద్దరికీ ఒకటే. దాన్ని మాటలతో తక్కువ చేసి చెప్పలేను.

ఫుకువోకా గారి సంగతి మనలో చాలామందికి తెలుసు. ఆయన మొదట్లో తండ్రి అప్పగించిన నారింజ తోటకి కత్తిరింపులు ఆపేస్తే కొమ్మలు పెనవేసుకుని, పురుగు పట్టి తోట ఎండిపోయింది. అలవాటు పడ్డ చెట్టుని ఉన్నట్టుండి వదిలెయ్యడం వేరు, ప్రకృతి వ్యవసాయం వేరు అని ఆయన తెలుసుకున్నది ఆ ఎండిన తోటలోనే.

తరవాత పని నేలది. నల్లరేగడి తడిగా ఉండగా ట్రాక్టర్ దించొద్దు, గడ్డలు కట్టి ఏడాదంతా ఏడిపిస్తుంది. పదును వచ్చేదాకా ఆగాలి. నీళ్ళు నిలిచి ఉండగా జీవామృతం పోసినా దండగే, గాలి లేని చోట మనం కోరుకునే సూక్ష్మజీవులు బతకవు. ముందు కాలువ తీసి నీళ్ళు పంపండి, నేల ఆరాక ఘన జీవామృతం చల్లండి, ఆపైన ఎకరానికి 200 లీటర్ల లెక్కన ద్రవ జీవామృతం.

తోట మొత్తాన్ని వెంటనే మళ్ళీ నాటాలని చూడకండి. డబ్బూ ఉండదు, ఓపికా ఉండదు. 5 సెంట్లు చాలు. డిసెంబరు, జనవరి చలికి మెంతికూర హాయిగా వస్తుంది, 25 నుంచి 30 రోజుల్లో కట్టలు కట్టొచ్చు. తోటకూర కూడా దాదాపు అంతే. ముల్లంగికి 45 రోజులు. ఎండాకాలం అయితే మెంతి వద్దు, గోంగూర, తోటకూర, బచ్చలి వేసుకోండి. మిగతా 45 సెంట్లలో నవధాన్యాలు చల్లి నేలని కప్పి ఉంచండి. మెంతికూర మీద లక్షలేమీ రావు. నాలుగో రోజు మొలక కనబడుతుంది, అసలు పని అదే. నెల తిరక్కుండా ఇంట్లోవాళ్ళ చేతికి కూరగాయల డబ్బు వస్తుంది. అత్తగారు, మామగారు, భార్య, పిల్లలు ఉన్న ఇంట్లో ఆ చిన్న డబ్బు చేసే మేలు చాలా పెద్దది. ఇక ఇది వదిలెయ్యి అన్నవాళ్ళే కట్టలు కట్టడానికి కూర్చుంటారు.

కాగితాల పని కూడా ఈ వారంలోనే చూసుకోండి. ఆంధ్రాలో ఈ-క్రాప్‌లో మీ పంట నమోదై ఉండాలి. 33 శాతం, ఆపైన నష్టం ఉంటేనే పెట్టుబడి రాయితీకి లెక్కలోకి వస్తుంది. కౌలు రైతులు సాగుదారు హక్కు పత్రం లేకపోతే ముందు దాని సంగతి అడగండి. తోట పీకెయ్యకముందే ఫొటోలు తీసి పెట్టుకోండి. పొలం అమ్మడం, కౌలు వదలడం, పెద్ద అప్పు చెయ్యడం లాంటివి మాత్రం ఈ నెలలో తేల్చొద్దు. ఆ లెక్క ఇంట్లో కూర్చుని, మెంతికూర కోశాక చేసుకోవచ్చు.

ఒకవేళ నిద్ర పట్టకపోయినా, మనసు మరీ చీకటి వైపు పోతున్నా 14416 నంబరుకి ఫోన్ చెయ్యండి. ప్రభుత్వం పెట్టిన టెలి మానస్. తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. వేరు ఆడనప్పుడు మొక్కకి మనం గాలి ఇస్తాం కదా, మనిషికీ అంతే.

ఎర్ర గుడ్డ కట్టిన మొక్కల కాయలు బాగా పండేదాకా ఉంచి, గుజ్జుతో సహా గింజల్ని గాజుసీసాలో రెండు రోజులు పులియనివ్వండి. జిగురు విడిపోయి మంచి గింజ అడుగుకి చేరుతుంది. కడిగి పళ్ళెంలో పలచగా పరిచి నీడలో ఆరబెట్టండి. కాగితం మీద అయితే అంటుకుపోతాయి. పొడి బూడిదలో కలిపి సీసాలో పోసి, పైన ఏ మొక్కవో, ఎన్ని రోజులు నీళ్ళలో ఉన్నాయో చీటీ రాసి అంటించండి. నారు పోసే ముందు బీజామృతం పట్టించడం వచ్చే వీడియోలో చూపిస్తాను.