మత్తుమందు, మనోవ్యాధి, మెలకువ

తెలుగున 'కుంగుబాటు' అనియు, మన ఉర్దూ శాఖ మిత్రులు 'మాయూసీ' అనియు చెప్పు స్థితి రెండు దినముల దిగులు కాదు. అది ముదిరినచో నిద్ర, ఆకలి, చదువుపై శ్రద్ధ పోవును. బ్రతుకుపైననే విరక్తి కలుగును. సాధారణముగా ఇచ్చు మాత్రల గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. ప్రాణము తీసుకొనవలెనను తలంపు గలవానికి ఆ వారములే గండము. అందువలననే కెటమిన్ అను ఔషధమును గూర్చి విద్యార్థులు తెలిసికొనవలెనని మేము తలంచితిమి.

1962లో అమెరికాలో తయారైన ఈ మందు 1970లో అచట మత్తుమందుగా అనుమతి పొందినది. మన దేశమున శస్త్రచికిత్సలు చేయు వైద్యులకును ఇది చిరపరిచితమే. 2000లో యేల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు దీనిని కుంగుబాటు రోగులకు కిలో బరువునకు అర మిల్లీగ్రాము చొప్పున, అనగా 50 కిలోల మనిషికి 25 మిల్లీగ్రాములు, 40 నిమిషములపాటు నరములోనికి ఎక్కించిరి. రోగులు ఏడుగురే. అయినను మూడు దినములలో వారి కుంగుబాటు ఎంతో తగ్గినది. తరువాతి పరిశోధనలలో ఈ మార్పు కొన్ని గంటలలోనే కనబడినది.

ఇది ఎట్లు సాధ్యము? నాడీకణముల నడుమ వార్తలు మోయు గ్లుటమేట్ అను రసాయనమునకు గల ఒక ద్వారమును కెటమిన్ మూయును. మొదట మూతపడునవి, ఇతర కణములను అణచియుంచు కణముల ద్వారములని పలువురి అభిప్రాయము. అణచువారు తప్పుకొనగా గ్లుటమేట్ పొంగును. కణముల నడుమ క్రొత్త సంధులు మొలచును. ఎలుకలలో ఇట్లు జరుగుట 2010లో వెల్లడియైనది. మరియు, మనము పనిలేక కూర్చుండి గతమును తలపోయునపుడు మెదడులోని కొన్ని భాగములు జట్టుగా పనిచేయును. కుంగిన మనస్సు ఈ జట్టులోనే గానుగెద్దువలె తిరుగుచుండునని శాస్త్రజ్ఞుల ఊహ. కెటమిన్ ఇచ్చిన మరునాడు ఆ జట్టు బిగి సడలినట్లు ఆరోగ్యవంతుల మెదడు చిత్రములలో కనబడినది. మందులో సగము రెండు మూడు గంటలలోనే రక్తమునుండి తొలగును. మేలు మాత్రము పలువురిలో కొన్ని దినములు, ఒక్కొక్కప్పుడు వారము వరకు నిలుచును. మాకు అన్నిటికంటె వింతగా తోచినది ఇదియే.

ఇక మెలకువ సంగతి. మందు ఎక్కుచుండగా రోగికి తాను తన దేహమునుండి వేరైనట్లు తోచును. రక్తపోటు పెరుగును, మగత కమ్మును. 2019లో అమెరికాలో అనుమతి పొందిన ముక్కు తుంపర రూపమునకు, రెండు గంటలు వైద్యుల కనుసన్నలలో ఉంచవలెననియు, రాత్రి చక్కగా నిద్రించి మరునాడు లేచువరకు వాహనము నడుపరాదనియు నియమము కలదు. తిరుపతిలో ఈ చికిత్స పొంది, ఆ సాయంత్రమే మోటారు సైకిలుపై చిత్తూరునకు బయలుదేరువాని గతి ఊహించుకొనుడు!

దుర్వినియోగము చేయువారికి మూత్రాశయము చెడును. 2013లో మన ప్రభుత్వము దీనిని షెడ్యూల్ ఎక్స్‌లో చేర్చినది. వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు. మిత్రుడెవడైన కుంగియున్నచో అతనికి మందు పేరు చెప్పవలదు; తిరుపతి రుయా ఆసుపత్రి మానసిక వైద్యుల కడకు తోడుగా వెళ్ళుడు. అర్ధరాత్రియైనచో ప్రభుత్వ టెలిమానస్ సంఖ్య 14416. రుసుము లేదు, తెలుగులో మాట్లాడవచ్చును.