సలాంతో మొదలయ్యే మాట

శ్రీరాంపూర్‌లో మొదటి షిఫ్టుకు తండ్రి ఇల్లు దాటేసరికి పిల్లలు ఇంకా నిద్రలోనే ఉంటారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చి ఆయన పడుకునే వేళకు వారు బడికి బయలుదేరతారు. సింగరేణి ఇళ్లలో మాటకు దొరికే సమయమే తక్కువ. ఆ కాస్త సమయమూ ఫీజులు, సరుకుల లెక్కలకే సరిపోతే విషయం చేరుతుంది గాని మనసు చేరదు.

ప్రియ సోదర సోదరీమణులారా! మాట ఉద్దేశం విషయాన్ని చేరవేయడం ఒక్కటేనా?

హజ్రత్ అబూ హురైరా (రజి) ఉల్లేఖించిన హదీసు సారాంశం ఇది: విశ్వాసం లేనిదే స్వర్గ ప్రవేశం లేదు. పరస్పర ప్రేమ లేనిదే విశ్వాసం పూర్తి కాదు. ఆ ప్రేమ కలగడానికి దైవప్రవక్త (స) చూపిన మార్గం సలాంను వ్యాపింపజేయడం (ముస్లిం). ప్రేమ పుట్టిన తర్వాత సలాం చేయమని ఆయన చెప్పలేదు. సలాం వల్లే ప్రేమ పుడుతుందని బోధించారు. కనుక 'మనసు రావడం లేదు' అనే సాకు చెల్లదు.

ఎవరు ముందు పలకరించాలి?

వాహనంపై వెళ్లేవారు నడిచేవారికి, నడిచేవారు కూర్చున్నవారికి సలాం చేయాలి (బుఖారీ, ముస్లిం). బండి మీద బాయికి పోయే సోదరుడే నడిచి పోయే కార్మికుణ్ణి ముందుగా పలకరించాలన్నమాట. ఇంట్లోకి అడుగుపెట్టేటప్పుడూ సలాం చేయమని దివ్యఖుర్ఆన్ ఆదేశం (24:61).

మాటలు ఆగిపోయిన ఇల్లు

మన ప్రాంతంలో తండ్రి ఉద్యోగం ఒక్క కొడుక్కే వస్తుంది. అక్కడే అన్నదమ్ముల మనసులు విరుగుతాయి. పక్క పక్క క్వార్టర్లలో ఉంటూ ఏళ్ల తరబడి మాట్లాడుకోనివారున్నారు. సోదరునితో మూడు రోజులకు మించి మాటలు మానేయడం ధర్మసమ్మతం కాదనీ, ముందుగా సలాం చేసినవాడే ఉత్తముడనీ దైవప్రవక్త (స) బోధించారు (బుఖారీ, ముస్లిం).

అయితే ప్రేమగా మాట్లాడటమంటే తీపి మాటలు చెప్పడం కాదు. ధర్మమంటే నసీహత్, అంటే కల్మషం లేని మేలుకోరిక అని హదీసు (ముస్లిం). తండ్రి ఆస్తిలో అక్కాచెల్లెళ్ల వాటా ఎగ్గొట్టి, పండుగనాడు ఆప్యాయంగా సలాం చెప్పడం ఏపాటి ప్రేమ? సలాం అంటే శాంతి కోరే దుఆ. నోటితో శాంతి కోరి, చేతితో హక్కు లాక్కోవడం తగునా?

ఒక సహచరుడు ఒకరిని అల్లాహ్ కోసం ప్రేమిస్తున్నానన్నప్పుడు, ఆ సంగతి అతనికి తెలియజేశావా అని దైవప్రవక్త (స) అడిగారు. లేదంటే, వెళ్లి తెలియజేయమన్నారు (అబూ దావూద్). మనసులో దాచుకున్న ప్రేమ ఎదుటివారికి ఎలా తెలుస్తుంది?

ఈ రోజే షిఫ్టు దిగాక ఆ అన్న తలుపో, తమ్ముని తలుపో తట్టండి. బాకీ ఉన్న హక్కు ఉంటే ముందు దాన్ని చెల్లించండి. అల్లాహ్ మన హృదయాలను కలుపుగాక! ఆమీన్.